సౌనా తలుపుకి చీపురు

ఆ శుక్రవారం పొద్దున ఒర్వొక్కి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కోళ్లకు గోరువెచ్చటి నీళ్లు పెట్టాలి. పుంజు రోవస్తి తురాయికి చలి కరవకుండా వేసలిన్ రాయాలి. పదకొండింటి బస్సు దిగే హిల్లెవిని కారులో ఇంటికి తీసుకురావాలి. ఆవిడతో మర్యాదగా మాట్లాడాలి. మొదటి మూడూ ఒర్వొక్కికి చేతకానివి కావు. నాలుగోదే, పుట్టి బుద్ధెరిగాక చేసింది లేదు.

ఉత్తరాన మంచు ప్రాంతం, మా కైనూ వైపు మనుషులు కోపమొస్తే నోరు మూసుకుంటారు. సంతోషమొచ్చినా అదే చేస్తారు. ఏది వచ్చిందో తెలియక పక్కవాళ్లు చావాలి. ఒర్వొక్కి ఆ బాపతు కాదు. ఆవిడ కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, అక్కణ్ణుంచి నోట్లోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు. సరస్సు అవతలి పొరుగువాడు రెయినో ఒక్కడి దగ్గర మాత్రం ఆవిడ నోరెత్తదు. అతనితో మాట్లాడి పది నెలలైంది. అరిస్తే తీరే కోపాలు వేరు, ఇది వేరు.

రోవస్తి అంటే మా దగ్గర పెద్ద పాదిరి. ఒర్వొక్కి పుంజుకి ఆ పేరు దాని నడక చూసి పెట్టింది. చర్చివాళ్లు మొదట నొచ్చుకున్నారు గానీ, ఆ నడక చూశాక ఏమీ అనలేకపోయారు. అది రస్సిలా రకం నాటుకోడి. ఒర్వొక్కి అమ్మమ్మ ఊళ్లో రస్సిలా అనే పొలం ఉండేది, ఆ రకం అక్కణ్ణుంచి వచ్చింది. నీళ్లు బకెట్లోనే రాయైపోయే చలిలో కూడా గుడ్డు పెట్టే జాతి. దక్షిణాన ఇంకొకాయన దగ్గర కొన్ని ఉండేవి. పోయిన శరత్తులో మింక్ అనే ముంగిసలాంటి జంతువు ఆయన గూట్లో దూరి ఒక్క రాత్రిలో అన్నిటి పీకలూ కొరికేసింది. ఇప్పుడు భూమ్మీద రస్సిలా కోళ్లంటే ఒర్వొక్కి పెరట్లో ఉన్న ఆరు పెట్టలూ, ఈ రోవస్తీ. అంతే.

అందుకే హిల్లెవి వస్తోంది. ఆవిడ నాటుకోళ్ల వంశాలు చూసే సంస్థ మనిషి. ఫోన్లో సంగతి తేల్చి చెప్పింది. ఒకే పెరట్లో ఉన్న వంశం వంశం కాదు, ఒక నక్క వస్తే పోతుంది. వసంతంలోగా రెండో పెరడు ఒకటి దొరకాలి. ఆ పెరట్లో వేరే రకం కోడి ఒక్కటి కూడా ఉండకూడదు. దొరక్కపోతే కోళ్లన్నిటినీ దక్షిణాన ఉన్న సంరక్షణ కేంద్రానికి తీసుకుపోతారు.

ఒర్వొక్కి వెతకలేదని కాదు. బడి పంతులమ్మ ముచ్చటపడి ముందుకొస్తే, ఆమె కోళ్ల గూడు చూసి "ఇందులో నా శత్రువు కోడిని కూడా పెట్టను" అంది. గంటలు కొట్టే చర్చి నౌకరు వారానికి ఎన్ని గుడ్లు పెడతాయని అడిగాడు. "గుడ్లు కావాలంటే కొట్టుకి పో" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన ఒర్వొక్కికి ఊరే లేదు.

రెయినో మీద కోపానికి కారణం కూడా కోళ్లే. రెయినో సరస్సు అవతల ఒంటరిగా ఉండే మనిషి. పోయిన ఏప్రిల్లో అతని పుంజు, సంతలో కొన్న సంకరజాతిది, కరిగీ కరగని మంచు మీద నడుచుకుంటూ సరస్సు దాటి ఒర్వొక్కి పెరట్లోకి పెళ్లికొడుకులా వచ్చింది. ఒక్క మధ్యాహ్నమే ఉంది. వంశం చెడటానికి ఒక్క మధ్యాహ్నం చాలు. పరాయి పుంజు తొక్కిన పెట్ట పెట్టే గుడ్లు వారాల తరబడి నమ్మడానికి ఉండదు. పొదిగించడానికి దాచిన గుడ్లన్నీ ఒర్వొక్కి ఆమ్లెట్లు వేసింది. భర్త తౌనో ఆ వసంతమంతా మూడు పూటలా ఆవిడ కోపాన్నే తిన్నాడు. వేసవి చివర్లో ఒక పెట్ట పొదిగితే వచ్చిన పిల్లలన్నీ పెట్టలే. పుంజు పిల్ల ఒక్కటీ లేదు. ఇక వంశమంతా రోవస్తి మీదే నిలబడి ఉంది, రోవస్తికేమో వయసు మీద పడుతోంది.

ఆ రోజు నుంచి రెయినోతో మాటలు బంద్. అయినా చలికాలంలో ఊరి దారుల మీద మంచు తోసేది రెయినో ట్రాక్టరే. ఒర్వొక్కి దారి కూడా తోస్తాడు. తోసిన ప్రతిసారీ ఆవిడ గేటు ముందు మోకాలెత్తు మంచు గట్టు వదిలి పోతాడు. అది తనని అవమానించడానికేనని ఒర్వొక్కి నమ్మకం. ఆ పైన అతని పుంజు రోజూ తెల్లవారగానే, రోవస్తి కూసీ కూయగానే, సరస్సు అవతల నుంచి తిరిగి కూస్తుంది. ఆ కూత విన్నప్పుడల్లా పుండు మీద కారం చల్లినట్టుండేది ఆవిడకి.

ఇదీ నేపథ్యం. ఇక ఆ శుక్రవారం సంగతి.

తౌనో కట్టెలు కొట్టడానికి అడవికి బయల్దేరాక ఒర్వొక్కి కోళ్ల కొట్టంలోకి వెళ్లింది. బయట మైనస్ ముప్పయ్యారు. లోపల వేడి దీపం ఆరిపోయి ఉంది. దాని వైరు బాగుచెయ్యమని క్రిస్మస్ ముందు నుంచీ తౌనోకి చెబుతూనే ఉంది. పెట్టలు ఆరూ ఒకదాన్నొకటి అతుక్కుని ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. రోవస్తి తురాయి కొసలు తెల్లబడ్డాయి. చలి కరిచిన పుంజు బతికినా దానితో కలిసిన పెట్టల గుడ్లు పిల్లలవుతాయన్న నమ్మకం లేదు, వసంతం పోతుంది.

"చచ్చినోడా, ఒక్క వైరు! ఒక్క వైరు కలపలేకపోయావు కదరా!" అని ఒర్వొక్కి ఇంట్లో లేని మొగుణ్ణి తిట్టింది. రోవస్తిని కోటు లోపల పెట్టుకుంది. ఏం చెయ్యాలో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. పెరటి చివర సౌనా ఉంది. లావుపాటి దుంగల గోడలు. నిన్న సాయంత్రం వేడి చేసి ఆవిరి స్నానం చేశారు కాబట్టి లోపల రాళ్లు ఇంకా నులివెచ్చగానే ఉన్నాయి. కోళ్లన్నిటినీ మోసుకొచ్చి లోపలి ఆవిరి గదిలో వదిలింది. చీకటిగా ఉంటే గొడవ చెయ్యకుండా కునుకు తీస్తాయని కిటికీకి గోనెపట్టా కట్టింది. తలుపు గడియ వదులు. రోవస్తి దాన్ని రొమ్ముతో తోసుకుని రాగల రకం. అందుకని ఒర్వొక్కి అటూ ఇటూ చూసి, మూలనున్న చీపురు తెచ్చి ఆ తలుపుకి బిగించి ఆనించింది.

మా దగ్గర తలుపుకి చీపురు ఆనించి ఉంటే లోపల ఎవరూ లేరని. తాళం కన్నా గట్టిది ఆ చీపురు. తాళం పగలగొట్టే దొంగలున్నారు గానీ చీపురు తప్పించి లోపలికి పోయే మనిషి మా కైనూలో ఇంకా పుట్టలేదు. ఒర్వొక్కికి ఇది తెలియదా? తెలుసు. కానీ కోపంలో ఉన్న మనిషికి చీపురు ఒక కర్ర, అంతే.

కాసేపటికి తౌనో అడవి నుంచి ఫోన్ చేశాడు.

"ఒర్వొక్కీ, ఆవిడ వచ్చేది పదకొండింటికేగా?"

"అది అడగడానికి చేశావా? దీపం ఆరిపోయింది, తెలుసా నీకు? క్రిస్మస్ నుంచి చెబుతున్నా!"

"అయ్యో. ఇవాళ వచ్చి చూస్తాలే..."

"ఇవాళ నువ్వు చూసేదేం లేదు! చెయ్యాల్సింది నేనే చేసుకున్నా. నువ్వు ఆ చెట్లకే సేవ చేసుకో, అవి నిన్నేమీ అడగవు!"

"సరే. మరి చుట్టం వస్తోంది కదా, సౌనా వెలిగించమంటావా?"

ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే ఒర్వొక్కి ఫోన్ పెట్టేసింది. అటు తౌనో ఫోన్ కేసి కొంతసేపు చూశాడు. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆవిడ దేనికైనా వద్దనాలంటే పెద్ద గొంతుతో వద్దంటుందని అతనికి తెలుసు. ఈసారి అనలేదు. మౌనం అర్ధాంగీకారం. పైగా ఇంటికొచ్చిన చుట్టానికి సౌనా వెలిగించకపోవడమంత తలవంపు ఇంకోటి లేదు, ఆ చుట్టం చేతిలో కోళ్ల భవిష్యత్తు ఉన్నప్పుడు మరీను. దీపం దగ్గర పోయిన పరువు సౌనా దగ్గర తెచ్చుకుందామనుకున్నాడు పాపం.

కానీ అతను అడవిలో ఉన్నాడు. కాబట్టి రెయినోకి ఫోన్ చేశాడు.

ఇక్కడో రహస్యం చెప్పాలి. రెయినోతో మాట్లాడొద్దని ఒర్వొక్కి ఇంట్లో శాసనం చేసింది. తౌనో దాన్ని అక్షరాలా పాటించాడు. ఆదివారాలు ఇద్దరూ సరస్సు మంచుకి కన్నాలు పెట్టి, చెరో పీట మీద కూర్చుని, చీకటి పడేదాకా చేపల కోసం ఎదురుచూసేవాళ్లు. ఒక్క మాట మాట్లాడుకునేవాళ్లు కాదు. వాళ్ల స్నేహం మొదటి నుంచీ అంతే కాబట్టి శాసనం వల్ల దానికి నష్టమేమీ జరగలేదు.

"రెయినో."

"ఊఁ."

"ఇంటికి చుట్టం. సౌనా వెలిగించాలి. నేను అడవిలో ఉన్నా."

"ఆవిడ?" అన్నాడు రెయినో.

"బస్సు దగ్గరికి పోతుంది. ఆలోపు వెలిగించి వెళ్లిపో. కంటపడకు."

"ఊఁ."

ఒర్వొక్కి ఇంటి తలుపుకి ఇంకో చీపురు ఆనించి కారులో బయల్దేరిన కొద్దిసేపటికి రెయినో ట్రాక్టరుతో వచ్చాడు. వచ్చే దారి ఎలాగూ తోసుకుంటూనే వచ్చాడు. గేటు ముందు గట్టు ఎప్పటిలా పడింది. సౌనా ముందు గదిలోకి వెళ్లాడు. పొయ్యి నోరు ఆ ముందు గదిలోకే ఉంటుంది, ఆవిరి గదిలోకి పోనక్కర్లేదు. ఆవిరి గది తలుపుకి చీపురు కనిపించింది. లోపలెవరూ లేరు, మంచిది. పొడి కట్టెలు పేర్చి, చెట్టు బెరడు చీల్చి అంటించి, గాలి పీలుస్తోందో లేదోనని కాసేపు నిలబడ్డాడు. కట్టెలు చిటపటమన్నాయి.

అక్కడ కట్టెలు అంటుకుంటుంటే ఇక్కడ బస్టాపులో ఒర్వొక్కి మర్యాద సాధన చేస్తోంది. బస్సు ఆలస్యంగా వచ్చింది. హిల్లెవి పొట్టిగా, గుండ్రంగా, ముక్కు కొస ఎర్రగా దిగింది. చేతిలో కోళ్లను పెట్టే జాలీ పెట్టె ఒకటి ఉంది. ఆ పెట్టె చూడగానే ఒర్వొక్కి సాధన చేసినదంతా మర్చిపోయింది.

"ఇప్పుడే పట్టుకుపోవడానికొచ్చారా?" అంది.

"లేదు లేదు, ఊరికే తెచ్చా. నమస్కారం. ప్రయాణం బానే జరిగిందండీ," అంది హిల్లెవి, ఎవరూ అడక్కపోయినా.

కారులో కూర్చున్నాక హిల్లెవి మెల్లగా అడిగింది. "రెండో మనిషి దొరికారా?"

"వెతుకుతున్నా."

"ఈ ఊళ్లో కోళ్లు పెంచేవాళ్లు ఎవరూ లేరా?"

"ఉన్నాడొకడు. వాణ్ణి మనిషి కింద లెక్కెయ్యను," అంది ఒర్వొక్కి, గేరు మార్చకుండానే యాక్సిలరేటరు గట్టిగా తొక్కుతూ.

గేటు దగ్గర ఆ గట్టు కనిపించింది. మామూలు రోజైతే దిగి పారతో తవ్వేది. ఈ రోజు దిగలేదు. "చుట్టం ముందు కూడానా!" అని పళ్లు కొరికి, కారుని దాని మీదికే తోలింది. కారు పొట్ట గట్టు మీద కూర్చుంది. నాలుగు చక్రాలూ గాలిలో తిరిగాయి. ఒర్వొక్కి స్టీరింగు మీద గుద్ది, రెయినోకి ఏడు తరాల వెనక్కి పోయి తిట్లు మొదలుపెట్టింది.

"అబ్బ, ఎంత మంచివారండీ మీరు," అంది హిల్లెవి కిటికీలోంచి చూస్తూ. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "నా కోసం సౌనా కూడా వెలిగించారు!"

ఒర్వొక్కి తిట్లు నాలుగో తరం దగ్గర ఆగిపోయాయి. పెరటి చివర సౌనా పొగగొట్టం లోంచి పొగ వస్తోంది.

ఆవిడ పరిగెత్తిన తీరు చూసి హిల్లెవి కూడా ఏమిటో తెలియకుండానే పెట్టె పట్టుకుని వెనకాల పరిగెత్తింది. సౌనా గుమ్మం ముందు మంచులో సగం కాలిన కట్టెలు చెల్లాచెదురుగా పడి సుయ్‌మని ఆవిరి కక్కుతున్నాయి. ముందు గదిలో నేల మీద ఈకలు. చీపురు ఓ మూల విరిగి పడి ఉంది. అన్నిటికన్నా ముందు ఒక వాసన తగిలింది, కోడిని పొయ్యి మీద కాలుస్తుంటే వచ్చే కమురు వాసన. ఆవిరి గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక్క కోడి లేదు. కింది బల్ల మీద ఒక గుడ్డు మాత్రం ఉంది, వెచ్చగా.

ఒర్వొక్కి ఆ గుడ్డు చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆవిడకి తిట్టు రాలేదు. ఆవిడ జీవితంలో అలాంటి క్షణాలు రెండో మూడో ఉంటాయి. అమ్మమ్మ ఒడిలో కూర్చుని రస్సిలా కోడిపిల్లని మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆవిడకి నాలుగేళ్లు. ఆ జ్ఞాపకాన్ని తోసుకుంటూ కోపం వచ్చింది, ఈసారి ఏకంగా పెరడు దద్దరిల్లేలా.

"కాల్చేశాడు! పోయినేడు వంశం చెడగొట్టాడు, సరిపోలేదు వెధవకి! ఈ ఏడు కాల్చుకు తిన్నాడు!"

"ఎవరండీ?"

"రెయినో! ఆ ట్రాక్టరు జాడలు చూడండి!"

"ఏడు కోళ్లు ఒక్కడే ఎలా తింటాడండీ?" అని అడిగింది హిల్లెవి. లెక్కల మనిషి.

"మీరు వాణ్ణి చూడలేదు!"

కారు గట్టు మీద ఉంది. దారి చుట్టూ తిరిగి పోతుంది. ఒర్వొక్కి గోడకి ఆనించి ఉన్న తన్నుడు బండిని లాగింది. ముందు కుర్చీ, కింద రెండు పొడుగాటి ఇనుప బద్దలు, వెనక నిలబడి ఒక కాలితో తన్నుకుంటూ పోవాలి. ముసలమ్మలు దాని మీద సరుకులు తెచ్చుకుంటారు. "కూర్చోండి. సాక్షి కావాలి నాకు," అంది. హిల్లెవి పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఒర్వొక్కి సరస్సు మంచు మీద తన్నింది. ప్రతి తన్నుకీ ఒక మాట పడింది. "సంకరజాతి వెధవ! గట్టు వెధవ! సరస్సు అవతలి వెధవ!" ఎదురుగాలికి హిల్లెవి కనుబొమల మీద మంచు పేరుకుంది, పాపం సౌనా కోసం వచ్చిన మనిషి.

రెయినో తలుపుకి చీపురు లేదు. అంటే ఉన్నాడు. ఒర్వొక్కి తలుపు కొట్టలేదు, తోసింది.

వంటింట్లో, రొట్టెలు కాల్చే పెద్ద పొయ్యి అరుగు మీద, పరిచిన పాత కాగితాల మీద ఆరు పెట్టలూ వరసగా కూర్చుని ఉన్నాయి. రెయినో బల్ల దగ్గర ఉన్నాడు. ఎడమ చేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. ఒళ్లో రోవస్తి ఉంది. కుడి చేతి వేలితో దాని తురాయికి వేసలిన్ రాస్తున్నాడు. రోవస్తి కళ్లు మూసుకుని రాయించుకుంటోంది. అంత సుఖంగా ఒర్వొక్కి దగ్గర కూడా ఎన్నడూ రాయించుకోలేదు. ఆవిడ గుండె మీది బండ దిగిపోయింది, కానీ కోపం అప్పటికే తన్నుడు బండి వేగంతో వస్తోంది, ఇక ఆగదు.

"ఎవడు వెలిగించమన్నాడు నిన్ను నా సౌనా?"

రెయినో ఇంకాస్త వేసలిన్ వేలికి తీసుకున్నాడు. స్నేహితుణ్ణి పట్టివ్వడు.

"లోపల కోళ్లుంటే మంట పెట్టావా! కళ్లున్నాయా నీకు?"

"చీపురు ఉంది," అన్నాడు రెయినో.

"చీపురుంటే?"

"ఎవరూ లేరనుకున్నా. కట్టెలు అంటుకున్నాక లోపల కూసింది. కట్టెలన్నీ బయటికి లాగి పారేశా. చేతి తొడుగు కాలింది." ఇంత పొడుగు మాట మాట్లాడి చాలా కాలమైనట్టు ఒకసారి గుటక వేశాడు. "ఉన్ని."

హిల్లెవి ముక్కు ఎగబీల్చింది. అవును, ఉన్ని కాలినా అదే కమురు వాసన.

"మా ఇంట్లో పెట్టొచ్చుగా! ఎందుకు ఎత్తుకొచ్చావు?"

"మీ ఇంటి తలుపుకి కూడా చీపురుంది." ఎవరూ లేని ఇంట్లోకి ఎలా వెళ్తాను అన్నట్టు చూశాడు. ఆ 'మీ' అనే మాట పది నెలల క్రితం లేదు. అప్పట్లో 'నువ్వు' అనేవాడు.

అప్పుడు ఒర్వొక్కికి అసలు భయం గుర్తొచ్చింది. ముఖం పాలిపోయింది. "నీ పుంజెక్కడ? దాంతో కలిపి తెచ్చావా నా పెట్టల్ని? మళ్లీ వసంతం పోయిందా?"

"పుంజు లేదు."

"అబద్ధం! రోజూ పొద్దున్నే కూస్తుంది. నా చెవులారా వింటున్నా!"

"అది మీ రోవస్తి కూతే. సరస్సు దాటొచ్చి నా కొట్టం గోడకి తగులుతుంది. తిరిగి మీకే పోతుంది."

ఒర్వొక్కి కిటికీలోంచి సరస్సు అవతలికి, తన పెరటి కేసి చూసింది. పది నెలలుగా ఆవిడ ప్రతి ఉదయం తిట్టింది తన పుంజునే.

"మరి మీ పుంజేమైంది?" అని అడిగింది హిల్లెవి, కనుబొమల మంచు తుడుచుకుంటూ.

"మీరు గుడ్లన్నీ పాడుచేసుకున్నారని తెలిసిన రోజే కోసేశా," అన్నాడు రెయినో ఒర్వొక్కి వైపు చూడకుండా. "పెట్టల్ని కూడా ఇచ్చేశా. మళ్లీ ఏదైనా దాటుతుందేమోనని. కోసిన పుంజు ఉడకలేదు. గట్టిది."

"చెప్పి ఏడవొచ్చుగా!"

"మీరు నాతో మాట్లాడట్లేదు కదా."

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. తౌనో అడవి నుంచి నేరుగా, ఆదివారం పట్టిన చేపల సంచీ భుజాన వేసుకుని లోపలికి వస్తూ, చాలా కులాసాగా, "ఏం రెయినో, సౌనా బాగా అంటుకుందా? నా పరువు నిలబెట్టావు పో!" అన్నాడు. తర్వాత భార్యను చూశాడు. తర్వాత కోళ్లను చూశాడు. తర్వాత మళ్లీ తలుపు కేసి చూశాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

అక్కడ ఒర్వొక్కి తౌనోని ఏమన్నదో రాయడం బాగుండదు. దీపం వైరు నుంచి మొదలై, ఆదివారం చేపల మీదుగా, ఇరవై ఏడేళ్ల వెనక్కి పెళ్లి దాకా వెళ్లి ఆగింది. పెట్టలు కూడా తలలు వంచుకున్నాయి. రెయినో లేచి, రోవస్తిని చంకలో పెట్టుకునే, కాఫీ కాచి నలుగురికీ పోశాడు. మా దగ్గర ఎంత యుద్ధమైనా కాఫీ పోశాక తాగేదాకా సంధి.

ఆ సంధిలో హిల్లెవి లేచింది. అరుగు మీది పెట్టల్ని ఒక్కొక్కదాన్నే ఎత్తి రెక్కలు విప్పి చూసింది. రోవస్తి తురాయి వేలితో నొక్కి చూసింది. గులాబీ రంగు తిరిగొచ్చింది. పెరట్లోకి వెళ్లి రెయినో ఖాళీ కోళ్ల గూడు చూసొచ్చింది. వచ్చి కూర్చుని రెండో కప్పు కాఫీ అడిగింది.

"ఒర్వొక్కి గారూ, మీకు రెండో పెరడు దొరికింది."

"ఎక్కడ?"

హిల్లెవి కప్పుతో రెయినో వైపు చూపించింది.

"ఇతనా!" ఒర్వొక్కి కాఫీ ఒలికింది. "ఇతనికా నా రస్సిలాలు?"

"వేరే రకం కోడి ఒక్కటి లేదు. గూడు మీ దానికన్నా వెచ్చగా ఉంది, కోప్పడకండి. చెప్పకుండానే తురాయికి వేసలిన్ రాశాడు. మీ వంశం చెడుతుందని తన కోళ్లనే వదిలేసుకున్నాడు. ఇలాంటి మనిషి కోసం నేను దేశమంతా తిరుగుతుంటాను. కాదంటే చెప్పండి, పెట్టె తెచ్చాను. మాదగ్గరికి తీసుకుపోతా."

ఒర్వొక్కి జాలీ పెట్టె కేసి చూసింది. రోవస్తి కేసి చూసింది. రోవస్తి రెయినో చంకలోంచి ఆవిడ కేసి, అప్పుడే ప్రసంగం ముగించిన పాదిరిలా చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనే అని తర్వాత చెప్పింది.

"రెండు పెట్టలు ఇస్తా," అంది చివరికి, రెయినో కేసి వేలు చూపిస్తూ. "వసంతంలో పుంజు పిల్లలు పుడితే ఒకటి ఇస్తా. గింజలు నానబెట్టి పెట్టాలి. నీళ్లు రోజుకి మూడుసార్లు మార్చాలి. రెట్ట అంటిన గడ్డి ఎక్కడన్నా కనపడిందో, వచ్చి నీ తల మీద పోస్తా. అర్థమైందా?"

"ఊఁ," అన్నాడు రెయినో. రోవస్తిని చంకలో సర్దుకుని, "నువ్వు చెప్పినట్టే," అన్నాడు.

ఆ 'నువ్వు' విని తౌనో కప్పులోకి చూస్తూ నవ్వుకున్నాడు. ఆవిడ కంటపడకుండా.

"ఒక్క నియమం ఉందండీ," అంది హిల్లెవి. "వంశం చూసే ఇద్దరూ వారానికోసారి ఫోన్లో మాట్లాడుకోవాలి. ఏ కోడికి ఏమైందో ఇద్దరికీ తెలియాలి. ఇందులో మినహాయింపు లేదు."

ఆ సాయంత్రం హిల్లెవికి ఎట్టకేలకు సౌనా దొరికింది, రెయినో ఇంట్లో. ఒర్వొక్కి ఇంటి సౌనాలో ఈకలు ఇంకా ఊడుస్తున్నారు. ఊడ్చింది తౌనో. విరిగిన చీపురుతో ఊడ్చాడు, కొత్తది తెచ్చుకోవడానికి అనుమతి రాలేదు. వైరు కూడా ఆ రాత్రే కలిసింది.

మర్నాడు పొద్దున రెయినో ట్రాక్టరు మామూలుగానే వచ్చింది. గట్టు మీద చిక్కిన కారుని గొలుసు కట్టి లాగింది. తర్వాత గేటు దగ్గరికి వచ్చి, ముందున్న మంచు తోసే పలకని కొంచెం పైకెత్తి, కొంచెం పక్కకి తిప్పి, గట్టు అనేదే లేకుండా నున్నగా తోసి వెళ్లిపోయింది. తౌనో కిటికీలోంచి చూసి మురిసిపోయాడు. "చూశావా ఒర్వొక్కీ? గట్టు లేదు!"

ఒర్వొక్కి వచ్చి చూసింది. నున్నటి దారి చాలాసేపు చూసింది. మెడ మీద నుంచి ఎరుపు పైకి పాకింది.

"అంటే," అంది, "ఆ పలక ఎత్తడం వాడికి ముందు నుంచీ వచ్చన్నమాట."

ఆ రోజు నుంచి ఆవిడ మళ్లీ రెయినోతో మాట్లాడటం మానేసింది. కాకపోతే ఆ సంగతి నియమం ప్రకారం వారానికోసారి ఫోన్ చేసి చెబుతుంది.